విసుర్రాయి పాటకు నాలుగు పిడికిళ్ళు

మా వదిన విసుర్రాయి పాట మద్రాసులో గ్రామఫోను ప్లేటు మీదికి ఎక్కేనాటికి నాకు పదహారేళ్ళు నిండి మూడు నెలలు. మార్కాపురం తాలూకా అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది, ఆ జిల్లా మద్రాసు రాజధానిలో. వదిన మొత్తం నాలుగుసార్లు మద్రాసు వెళ్ళింది. ఏడు ప్లేట్లు ఇచ్చింది, అంటే పద్నాలుగు పాటలు. కొందరు పది ప్లేట్లంటారు. ఒక పెద్దమనిషి మా ఇంట్లోనే కూర్చుని ఇరవై అన్నాడు. ఏడే. వాటిలో ఐదు నా దగ్గర ఉన్నాయి, ఒకటి పగిలింది, ఒకటి అడిగి తీసుకుపోయినవాళ్ళు తిరిగి ఇవ్వలేదు.

ఏ ప్లేటు మీదా ఆమె పేరు లేదు. కర్నూలు జిల్లా గృహిణి అని మాత్రమే అచ్చువేశారు. పేరు వేయకూడదన్నది మా అమ్మ పెట్టిన షరతుల్లో ఒకటి. నేను కూడా ఆ షరతు దాటను.

ఆమె పాట గురించి చెప్పేవాళ్ళు ఆఖరి ప్లేట్ల గురించే చెబుతారు. అప్పటికి కంభంలోనూ నంద్యాలలోనూ దుకాణాల ముందు జనం నిలబడి వినేవారు. నాకు గుర్తుండిపోయింది మొదటి ప్లేటు. దాని తరువాత రెండోది ఉంటుందా, వదిన మళ్ళీ మద్రాసు గడప తొక్కుతుందా అన్నది ఒక్క జొన్నగింజ మీద ఆగింది. ఆ గింజను వెతికింది నేను.

మాది మెట్టసేద్యం. జొన్న, కొర్ర, ఆముదం వేసేవాళ్ళం. కొన్ని గొర్రెలు ఉండేవి. నాయన నా తొమ్మిదో ఏటనే పోయాడు. ఇంటి పెత్తనమంతా అమ్మది. అన్న పొలం పని లేని రోజుల్లో పలకల కార్ఖానాకు పోయి రాయి కోసేవాడు. వదిన రాచర్ల పక్క పల్లె నుంచి మా ఇంటికి వచ్చింది. వచ్చిన మరునాడు తెల్లవారుజామున విసుర్రాయి ముందు కూర్చుని పాట ఎత్తింది. నేను చాపమీద లేచి కూర్చున్నాను. అంతకుముందు మా ఇంట్లో విసిరేటప్పుడు పాట ఉండేది, కానీ అది పని మరిచిపోవడానికి పాడే పాట. వదినది అట్లా కాదు. ఆమె పాడుతుంటే రాయి ఆమెకు తాళం వేస్తున్నట్టు ఉండేది.

నాకు ఏదైనా ఎట్లా జరుగుతుందో తెలియకపోతే నిద్ర పట్టదు. ఆమె అంత పొడవు పాడుతుంది కదా, ఊపిరి ఎక్కడ తీసుకుంటుంది? పదకొండు రోజులు ఎదురుగా కూర్చుని చూశాను. కుడిచేత్తో రాయి తిప్పుతుంది. ఎడమచెయ్యి చేటలోకి పోయి పిడికెడు గింజ తీస్తుంది, దాన్ని రాయి నోట్లోకి కొంచెం కొంచెంగా వదులుతుంది. మధ్యలో మాటల సందున తీసేది కొసరు గాలే; చెయ్యి మళ్ళీ చేటలోకి పోయే ఆ రెప్పపాటులోనే నిండు ఊపిరి. గింజ తీసుకోవడం, గాలి తీసుకోవడం ఒకటే.

ఆ సంగతి చెబితే వదిన నవ్వింది.

"పాట వినమంటే ముక్కు చూస్తాండావా మరదలా? రేపు నీ మొగుడు అన్నం తినేటప్పుడు దవడలు లెక్కపెడతావు."

విసుర్రాయి దగ్గర మా అమ్మకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, గింజ మిగిలి ఉండగా పాట ఆపకూడదు. రెండు, గింజ లేకుండా రాయి తిప్పకూడదు, ఆ పాట పాడకూడదు. ఉత్త రాయి తిప్పితే కరువును పిలిచినట్టు. వానకు మొహం వాచిన మా పక్క ఊళ్ళల్లో దీన్ని ఎవరూ వేళాకోళం చేసేవారు కాదు. అందుకే మా ఇళ్ళలో ఆ పాటకు ఇంత పొడవని ఉండదు. చేటలో ఎంత గింజ ఉంటే అంత పాట. కట్టిన చరణాలు అయిపోతే కొత్తవి కట్టుకుంటూ పోవాలి.

మా ఇంటి వెనకగోడ, పలకల కార్ఖానా షావుకారు ఇంటి గోడ ఒకటే. మాఘమాసంలో ఒక గురువారం షావుకారు ఇంటికి గ్రామఫోను కంపెనీ మనిషి ఒకాయన వచ్చి దిగాడు. ఊరూరా తిరిగి పాడేవాళ్ళను వెతకడం ఆయన పని. తెల్లవారుజామున గోడ అవతల వదిన పాట విన్నాడు. పొద్దెక్కేసరికి షావుకారును వెంటబెట్టుకుని మా వాకిట్లో ఉన్నాడు.

షావుకారు మాట మా అమ్మ కాదనలేదు. ఆయన అరుగు మీదనే విసుర్రాయి వేయించారు. కంపెనీ మనిషి జేబులోంచి గడియారం తీసి చేతిలో పట్టుకున్నాడు. వదిన మొదలుపెట్టింది. మూడు నిమిషాలు కాగానే ఆయన చెయ్యెత్తాడు. వదిన చేటవైపు చూసింది. గింజ ఇంకా సగానికి పైన ఉంది. పాట ఆపలేదు. ఆయన రెండు చేతులూ ఎత్తాడు. వదిన కూర్చోమన్నట్టు తల ఊపి ఇంకో చరణం ఎత్తుకుంది. చేట ఖాళీ అయ్యాకే ఆపింది.

"పదకొండు నిమిషాలమ్మా!" అన్నాడాయన. "ప్లేటుకు ఒకవైపు పట్టేది మూడు నిమిషాలు. ఇంకో పది సెకన్లు. అది దాటితే ముల్లు మధ్యలో అతికించిన కాగితానికి తగులుతుంది."

"అట్లయితే పెద్ద ప్లేటు పోయించన్నా," అంది వదిన. "కుమ్మరాయన పెద్ద కుండలు చేయడంల్యా?"

షావుకారు పడీపడీ నవ్వాడు. కంపెనీ మనిషి నవ్వలేదు. గొంతు చాలా బాగుందని, ఇట్లాంటి పల్లెపాట ప్లేటు మీద ఇంతవరకు తాను వినలేదని, కానీ కొలతకు పాడలేనివాళ్ళను మద్రాసు తీసుకుపోతే తన ఉద్యోగం పోతుందని చెప్పాడు. నంద్యాల వైపు వెళ్ళి ఇరవై మూడో రోజున తిరిగి వస్తానన్నాడు. అప్పటికి మూడు నిమిషాల్లో పాట ముగించగలిగితే సరే, లేకుంటే లేదు.

ఆ రోజు వదిన అన్నం సరిగా తినలేదు. నేను పక్కన కూర్చుంటే మెల్లగా అంది.

"మా అమ్మకు ఈ పాట వాళ్ళ అమ్మ చెప్పింది. నాకు మా అమ్మ చెప్పింది. నాకు ఆడబిడ్డ పుడుతుందో ల్యాదో. యాడన్నా ఉంటుంది గదా అనుకున్నా."

అమ్మ ఎటూ చెప్పకుండా మూడు రోజులు ఉంది. నాలుగో రోజు తన షరతులు చెప్పింది. పేరు వేయకూడదు. అన్న వెంట పోవాలి. విసుర్రాయి పాట గింజతోనే పాడాలి, గింజ అయిపోయినప్పుడే ఆపాలి.

"మూడు నిమిషాల్లో ఆపమంటాడు, గింజ అయిపోందే ఆపొద్దంటావు. రెండూ ఎట్ల కుదురుతాయమ్మా?" అన్నాడు అన్న.

"అది నాకెట్ల తెలుసు? ఇంట్లో లెక్కల మనిషి ఉంది గదా, దాన్నడుగు," అంది అమ్మ.

నన్ను ఎత్తిపొడవడానికే అంది. కానీ నాకు అది లెక్కలాగానే వినిపించింది. పాటను కోయనక్కరలేదు. మూడు నిమిషాలకు సరిపడా గింజ ఎంతో తెలిస్తే చాలు. గింజ అయిపోతుంది, పాట అయిపోతుంది, కట్టుబాటు తప్పదు.

మా ఇంట్లో గడియారం లేదు. కార్ఖానాలో గోడ గడియారం ఉంది. దాన్ని ఇంటికి తేలేను, విసుర్రాయిని మొగవాళ్ళు పనిచేసే చోటికి పట్టుకుపోలేను. అందుకని పలక ముక్క ఒకటి గుండ్రంగా అరగదీసి, చిల్లి పొడిపించి, మూరెడు దారం కట్టాను. అన్నకు మధ్యాహ్నం సద్ది తీసుకుపోయినప్పుడు గడియారం కింద దాన్ని ఊపి లెక్కపెట్టాను. అటు పోయి ఇటు వస్తే ఒక ఊపు. మూడు నిమిషాలకు నూట ముప్ఫైమూడు ఊపులు. మరునాడూ నూట ముప్ఫైమూడే. మూడో రోజు నూట ముప్ఫైనాలుగు వచ్చింది, ఎవరో మాట్లాడించారు కాబట్టి దాన్ని కొట్టేశాను. నాలుగో రోజు మళ్ళీ నూట ముప్ఫైమూడు.

ఇంట్లో దూలానికి ఆ దారం కట్టి, వదినను విసరమన్నాను. ఐదు పిడికిళ్ళకు నూట ముప్ఫై రెండు ఊపులు. సరిగ్గా కుదిరింది. గంతులేసినంత పనిచేశాను. గుడ్డసంచిలో ఐదు పిడికిళ్ళ జొన్నలు పోసి మూతి కట్టి వదిన చేతికిచ్చాను. మరునాడు ఆమె తన చేటలో తానే ఐదు పిడికిళ్ళు పోసుకుని పాడితే నూట అరవై ఆరు వచ్చింది!

ఎక్కడ పొరపాటు జరిగిందో పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. మొదటిరోజు చేటలో గింజ పోసింది నేను. అవి నా పిడికిళ్ళు. వదినవి గొర్రెలు కాసిన చేతులు, పిండి విసిరిన చేతులు. నా ఐదు ఆమెవి నాలుగు.

"కొలిచేది నీ చెయ్యి, పాడేది నా నోరు. ఇంక కుదిరినట్టే," అంది వదిన.

ఆమె పిడికిళ్ళు నాలుగు. అది తేలాక ఆమెకు ఇంకో చిక్కు వచ్చింది. ఇంతవరకు ఆ పాటకు చివర అనేది లేదు. గింజ ఆగిన చోట ఆగేది, ఒక్కోసారి చరణం మధ్యలోనే. నాలుగో పిడికిలి సగమయ్యేసరికి పాటను ఇంటికి మళ్ళించాలి. దానికి ఆమె ఒక దారి కనిపెట్టింది. మేకలను సాయంత్రం కొండ దింపేటప్పుడు కాపరులు గొంతు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వస్తారు, మందకు ఇల్లు దగ్గర పడిందని తెలిసేటట్టు. ఆఖరి చరణంలో గొంతు అట్లా దించింది. ఈ రోజుకూ ఆ ప్లేటు విన్నవాళ్ళు ఆ దింపుడు దగ్గరే కళ్ళు మూసుకుంటారు. అది నాలుగో పిడికిలి అడుగుకు వచ్చిందన్న గుర్తని వాళ్ళకు తెలియదు.

ఇరవై మూడో రోజున రావలసినవాడు ఇరవై ఐదో రోజున వచ్చాడు. అరుగు మీద మళ్ళీ పరీక్ష. నాలుగు పిడికిళ్ళు. పాట ఆగగానే ఆయన గడియారం చూసుకుని, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నడుస్తోందో లేదో విన్నాడు.

"మూడు నిమిషాల రెండు సెకన్లు. గడియారం చూడకుండా ఎలా ముగించారమ్మా?"

"చేట చూసుకున్నా," అంది వదిన.

వైశాఖంలో ప్రయాణం. విసుర్రాయి రెండు రాళ్ళనూ గోనెసంచిలో పెట్టి, పైన పిడికొయ్యతో సహా బిగించి, అమ్మ తన చేత్తో ముడి వేసింది. అమ్మ ముడి ఊళ్ళో పేరుపడ్డ ముడి. గొర్రెలు కూడా విప్పుకోలేవు. అన్న ఆ సంచిని భుజాన వేసుకుని, నిట్టూర్చి, స్టేషన్‌కు పోయే బండి ఎక్కాడు. వదిన ఒళ్ళో నాలుగు పిడికిళ్ళ జొన్నల సంచి. నేను రావాలని ఎంత అడిగినా అమ్మ ఒప్పుకోలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం తిరిగి వచ్చారు. అన్న గోనెసంచిని నడవలో దించాడు. అమ్మ ముందు వాళ్ళ మొహాలు చూడలేదు, సంచి మూతి చూసింది.

"నేనేసిన ముడి నేనేసినట్టే ఉంది," అంది.

అప్పుడు తెలిసింది. మద్రాసులో పాట పట్టే గదిలోకి విసుర్రాయిని రానివ్వలేదు. దాని మోతలో గొంతు మునిగిపోతుందన్నారు. గాజులు కూడా తీసేయమన్నారు. వదిన గాజులు తీయనంది, గుడ్డపీలికతో చుట్టి కట్టుకుంటానంది, దానికి ఒప్పుకున్నారు. రాయికి మాత్రం ఒప్పుకోలేదు. అన్నను ఆ గదిలోకి రానివ్వక, సంచితో సహా బయట బల్లమీద కూర్చోబెట్టారు.

"మరి ఎట్ల పాడినావు?" అంది అమ్మ.

"గింజతోనే పాడినా అత్తా. సంచి మూతి విప్పి పక్కన పెట్టుకున్నా. కుడిచెయ్యి రాయి తిప్పినట్టే తిప్పినా. ఎడంచేత్తో పిడికిలి తీసి ఒళ్ళోకి వదులుకుంటా వచ్చినా. నాలుగు పిడికిళ్ళు అయినాయి, పాట ఆపినా."

"ఎవరు చూసినారు?"

"హార్మణీ వాయించే ఆయన ఒకడు ఉన్నాడు."

"పిలుచుకురా మద్రాసు పోయి. సాక్ష్యం చెప్పిస్తువు."

వదిన గుడ్డసంచి తెచ్చి చూపించింది. ఒళ్ళో పడిన గింజలన్నీ తిరిగి దాంట్లోనే పోసుకుని వచ్చింది.

"పోయినది పోయినట్టే వచ్చింది. ఇది ఏం సాక్ష్యమే? మూతి విప్పకపోయినా ఇట్లనే వస్తుంది," అంది అమ్మ. ఆమె అరవలేదు. అమ్మ అరవకపోతేనే మాకు భయం. "మాట ఇచ్చి పోయినావు. ఉత్తచేతులు తిప్పి ఆ పాట పాడినావు. ఇంక ఈ ఇంటినించి పాటకని మద్రాసు పోయేది ల్యా."

ఆ సాయంత్రం పెరట్లో వదిన నాకు జరిగినదంతా వరసగా చెప్పింది. నేను అడగని ప్రశ్న లేదు. గది ఎంత, నేల ఎట్లాంటిది, దేని మీద కూర్చున్నావు, గొంతు పట్టే యంత్రం ఎంత దూరంలో ఉంది. చెక్క వేదిక మీద చాప కూడా లేకుండా కూర్చోబెట్టారట. యంత్రం మూరెడు దూరం.

"ఇంకో సంగతి మరదలా. ఎవరికీ చెప్పొద్దు. చివర్లో ఒక్క గింజ ఒళ్ళో పడలా. జారి చెక్క మీద పడింది. టక్కుమన్నాది. పాట చెడిపాయెరా దేవుడా, మళ్ళా పాడమంటారేమో, మళ్ళా పాడల్లంటే గింజ యాడుంది అనుకున్నా. ఎవరూ ఏమీ అన్లా."

"ఆ గింజ తెచ్చుకున్నావా?"

"చెక్కల సందులో పడిపాయె."

పోయేముందు సంచిలో గింజలు లెక్కపెట్టి ఉంటే, ఇప్పుడు ఒకటి తగ్గిందని రుజువు చూపించేదాన్ని. పిడికిళ్ళు లెక్కపెట్టాను కానీ గింజలు లెక్కపెట్టలేదు. ఆ తప్పు నాదే.

ఆ ఏడు జ్యేష్ఠం పోయింది, ఆషాఢం సగం పోయింది, చినుకు లేదు. మా ఊరికి మాత్రమే కాదు, కనిగిరి పక్కా లేదు, పుల్లలచెరువు పక్కా లేదు. కానీ నీళ్ళ కోసం బావి దగ్గర నిలబడిన ఆడవాళ్ళు వదిన వైపు చూసేవారు. వదిన విసిరేటప్పుడు పాడడం మానేసింది. రాయి చప్పుడు ఒక్కటే వినబడేది. అది నాకు ఎంత పరాయిగా ఉండేదంటే, తెల్లవారుజామున లేచి ఇది మా ఇల్లేనా అని చూసుకునేదాన్ని. శ్రావణంలో వానలు పడ్డాయి, ఆలస్యంగానే అయినా బాగానే పడ్డాయి. ఆమె పాట మాత్రం తిరిగి రాలేదు.

భాద్రపదంలో కంపెనీ మనిషి ప్లేటు తెచ్చాడు. నల్లగా, చేటంత ఉంటుందనుకున్నాను, పళ్ళెమంతే ఉంది. ఒకవైపు విసుర్రాయి పాట, రెండోవైపు మేకలను కొండ దింపే పాట. రెండోదానికి గింజ గొడవ లేదు. ప్లేటు బాగా పోతోందని, మార్గశిరంలో ఇంకో రెండు ప్లేట్లకు వదినను పంపాలని ఆయన అడిగాడు.

"పోదు," అంది అమ్మ.

షావుకారు అరుగు మీద ఆయన గ్రామఫోను పెట్టించి అందరినీ పిలిచాడు. అమ్మ కూడా వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది. బూరలోంచి వదిన గొంతు వచ్చింది. వదిన మొహం కొంగులో దాచుకుంది. నేను మాత్రం పాట వినలేదు, చివర కోసం కాచుకున్నాను. గొంతు కొండ దిగి వచ్చింది, ఆఖరి మాట అయింది. ప్లేటు గరగరలాడుతోంది. అప్పుడు, చిన్నది, చాలా చిన్నది, టక్.

"అమ్మా! అదిగో గింజ!"

అందరూ నా వైపు చూశారు. ముల్లు మళ్ళీ చివరికి పెట్టించాను. మళ్ళీ అక్కడే టక్. వదిన చెప్పిన గింజ సంగతి అమ్మకు చెప్పాను. అమ్మ రెండడుగులు ముందుకు వచ్చి వింది.

"ప్లేటు మీద గీత పడుంటుంది. పాట మధ్యలో కూడా ఎన్నిసార్లు టక్కుటక్కుమన్లేదు?"

నిజమే. కంపెనీ మనిషి దాన్ని ఊరూరా వినిపించుకుంటూ తెచ్చాడు, గీతలు పడ్డాయి.

"ల్యాకుంటే గాజు," అంది అమ్మ.

"గాజులకు గుడ్డ కట్టినారు గదమ్మా. అన్న చూసినాడు. కట్టింది ఆ గదిలోకి పోకముందే."

గీత మాట మాత్రం అమ్మ వదలలేదు.

గీత అయితే ఈ ఒక్క ప్లేటు మీదే ఉంటుంది. గింజ అయితే ఆ పాట ఉన్న ప్రతి ప్లేటు మీదా, అదే చోట ఉంటుంది. అంతవరకు ఆలోచించి నేను కంపెనీ మనిషిని అడిగాను, ఇట్లాంటిది ఇంకొకటి దగ్గరలో ఎక్కడుందని. గిద్దలూరు స్టేషన్ దగ్గర ఒక హోటలు ఆయన కొన్నాడన్నాడు. షావుకారు అరుగు స్తంభానికి నా పలక బిళ్ళ దారం కట్టి, ముల్లు పెట్టించి లెక్కపెట్టుకున్నాను. ఆఖరి మాట తరువాత రెండో ఊపు పూర్తయ్యేచోట టక్.

అన్నను బతిమాలాను. సోమవారం ఉదయం మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి, కంభం దాటి, గిద్దలూరులో దిగాం. హోటలు ఆయన మేము టిఫిను తినడానికి వచ్చామనుకున్నాడు. నేను బల్ల మీదికెక్కి వాసానికి దారం కడుతుంటే దోసెల దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"పాట వినేదానికి వచ్చి ఉరి ఏసేదేంది పాపా?"

"పట్టించుకోవద్దు మామా, మా చెల్లికి లెక్కల పిచ్చి," అన్నాడు అన్న. తన పేరు కాపాడుకోవడానికి నాలుగు దోసెలు చెప్పాడు.

ఆ హోటలు యంత్రం మెల్లగా తిరిగింది. మా అరుగు మీద పాట మొత్తం నూట ముప్ఫై ఐదు ఊపులు వస్తే, ఇక్కడ నూట నలభై వచ్చాయి. మొదట నా లెక్కే తప్పిందనుకున్నాను. తరువాత, చివర నుంచి లెక్కపెడితే అంత తేడా ఉండదు కదా అనుకున్నాను. ఆఖరి మాట. ఒకటి. రెండు. టక్.

మూడుసార్లు పెట్టించాను. మూడుసార్లూ అక్కడే. మధ్యలో మా ప్లేటు మీద ఉన్న చప్పుళ్ళు ఇక్కడ లేవు, దీనికి వేరే చప్పుళ్ళు ఉన్నాయి. రెండింటికీ ఉన్నది అది ఒక్కటే. అన్నకు కూడా వినిపించింది. దోసె చేతిలో పట్టుకుని, "ఉంది సుమీ," అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మకు అంతా వరసగా చెప్పాను. అమ్మ లేచి, తలుపు పక్కన నిలబెట్టి ఉన్న పెద్ద పీట తెచ్చి నడవలో వేసింది.

"దీని మీద కూర్చోవే కోడలా."

వదిన కూర్చుంది. అమ్మ ఒక జొన్నగింజ ఆమె చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది.

"వదులు."

టక్. అమ్మ ఇంకో గింజ ఇచ్చింది. ఈసారి మూరెడు దూరంలో చెవి పెట్టి, కళ్ళు మూసుకుని వింది. టక్. అటుపైన షావుకారు ఇంటికి పోయి, ముల్లు చివరికి పెట్టమని తానే అడిగింది. మేము గోడ ఇవతల నిలబడ్డాం. చప్పుడు మాకు వినపడలేదు. అమ్మ తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుంది.

"చేతిలో గింజ ఉన్నట్టే ఉంది," అంది. "రాయి ఉత్తగా తిరగలేదు గదా, అసలు తిరగనే లేదాయె. తప్పేమీ ల్యా."

వదిన కళ్ళలో నీళ్ళు నిండాయి. "నేను చెప్పినప్పుడు నమ్మకపోతివి గదత్తా," అంది.

"ఇప్పుడు నమ్మినా గదా. ఏడ్చేదేంది, గొంతు చెడుతుంది." ఇంతలోనే ఏదో తట్టినట్టు ఆగింది. "ఈసారి ఒళ్ళో ఇత్తడి పళ్ళెం పెట్టుకో. ఒక్క గింజ కోసం గిద్దలూరు దాకా మనుషులను పంపేది నా వల్ల కాదు. అన్నీ వినపడల్ల."

మరునాడు తెల్లవారుజామున మా ఇంట్లో పాట మళ్ళీ మొదలైంది. మార్గశిరంలో వాళ్ళు మద్రాసు వెళ్ళారు, విసుర్రాయి లేకుండా. పళ్ళెం చప్పుడుకు అక్కడివాళ్ళు మొదట అడ్డం చెప్పారట. వదిన ఇత్తడి పళ్ళెంలో పలచటి గుడ్డ పరిచి చూపిస్తే, విని, ఉండనిమ్మన్నారు.

తరువాత ఇంకో రెండు ప్రయాణాలు. ఆ తరువాత సినిమా పాటల ప్లేట్లు వచ్చాయి, కంపెనీవాళ్ళు పల్లెపాటలు అడగడం మానేశారు. ఊళ్ళో పిండిమర వచ్చింది. వదినకు దాని మీద కోపం ఉండేది కాదు. చేతుల నొప్పులు తగ్గాయనేది. ఎవరైనా పాడమంటే మాత్రం, పిడికెడు జొన్నలు తెమ్మనేది. గమ్మత్తని జనం నవ్వుకునేవారు. తెచ్చేదాకా నోరు విప్పేది కాదు.

కానీ అమ్మ రెండో ప్లేటు విన్న రోజు సంగతి ఇంకా చెప్పలేదు. అది ఫాల్గుణంలో వచ్చింది. కొత్త విసుర్రాయి పాట, వదిన సొంతంగా కట్టినది. షావుకారు అరుగు మీద ఈసారి అమ్మ స్తంభం దగ్గర నిలబడలేదు, బూర ముందు మఠం వేసుకుని కూర్చుంది. గొంతు కింద సన్నగా, ఆగకుండా, గుడ్డ మీద గింజ రాలుతున్న చప్పుడు. మధ్యలో అది ఆగింది, వదిన ఊపిరి తీసుకుంది, మళ్ళీ మొదలైంది. అమ్మ ఒళ్ళో చెయ్యి కొంచెం కదిలింది. బొటనవేలు చూపుడువేలి కణుపు మీద పెట్టింది. ఇంకోసారి ఆగింది, బొటనవేలు ఇంకో కణుపు మీదికి జరిగింది. నేను నా పలక బిళ్ళ లెక్క మరిచిపోయి ఆమె వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. గొంతు కొండ దిగి వచ్చింది, గింజలు పలచబడ్డాయి, రెండూ కలిసి ఆగిపోయాయి.

"నాలుగు," అంది అమ్మ.